మీ చిన్నదాని ప్రశ్నకి జవాబు

విజయనగరం

ఒరేయ్ సన్నాసీ,

ఏటిరా సంగతులు? ఇక్కడ అందరం కులాసా. మొన్న మీ చిన్నది ఫోన్లో నన్ను పట్టుకుని, "మావయ్యా, పంచభుజి, షడ్భుజి అని బుద్ధిగా నడిచే పేర్లు ఘనాల పాఠంలోకి రాగానే ఎందుకు మారిపోతాయి?" అని నిలదీసింది. ఫోన్లో తేలే వ్యవహారం కాదు కాబట్టి రాస్తున్నాను, చదివి వినిపించు.

మారేది లెక్కపెట్టే వస్తువురా. కాగితం మీద బొమ్మకి మనవాళ్లు భుజాలు లెక్కపెట్టారు. అంకెలు వస్తే పేరు మనమే కట్టుకోవచ్చు, పన్నెండైతే ద్వాదశభుజి. గ్రీకులు మూలలు లెక్కపెట్టారు, పెంటగాన్‌లో 'గాన్' అంటే అదే. భుజాలెన్నో మూలలూ అన్నే గనుక పేచీ రాలేదు. మనకీ మూలల లెక్కలో ఒక పేరుంది, చతురస్రం, అంటే నాలుగు మూలలది. హరికథల ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన మా సంగీత కళాశాలలో పిల్లలు వేసే చతురశ్ర జాతి తాళానిదీ ఆ పేరే!

ఘనాలకి అంచులు లెక్కపెడితే కుదరదు. పాచికలాంటి సమఘనానికి 12 అంచులు, రెండు పిరమిడ్లు అడుగులు కలిపి అతికించినట్టుండే అష్టముఖికీ 12 అంచులే. పోలికేమో అస్సలు లేదు. అందుకని ముఖాలు లెక్కపెడతారు: దానికి 6, దీనికి 8. అదీ ఒక్కోసారి చాలదు. అడుగు పంచభుజిగా ఉన్న పిరమిడ్‌కీ 6 ముఖాలే మరి! అందుకే పిరమిడ్‌కీ, పట్టకానికీ (ప్రిజం) అడుగు ఆకారాన్ని ముందు తగిలిస్తారు. మన గంటస్తంభం గుర్తుందా, 1885లో కట్టింది? దాని ప్లాను గీస్తే అష్టభుజి. పై హంగులు వదిలేసి ఒక్క అంతస్తు చూస్తే అష్టభుజాకార పట్టకం. "గంటస్తంభం అష్టభుజి" అని పరీక్షలో రాస్తే మాత్రం నేనైతే మార్కు కోస్తాను.

నాకు ఒళ్లుమండే పేర్లూ ఉన్నాయి. సిలిండర్‌ని పుస్తకంలో స్థూపం అంటారు. బౌద్ధ స్థూపాలున్న శాలిహుండం కొండ చూసొచ్చిన పిల్లాడికి స్థూపం అంటే బోర్లించిన గిన్నెలాంటిది కదా, వాడికేం చెప్తాం? రాంబస్‌ని సమచతుర్భుజం అన్నారు. నాలుగు భుజాలూ సమానమే, ఒప్పుకుంటా, కానీ ఆ మాట వినగానే సగం క్లాసు చతురస్రం గీసేస్తుంది. ఇంగ్లీషువాళ్లేం తక్కువ తినలేదులే. ఒక జత భుజాలు సమాంతరంగా ఉన్న చతుర్భుజాన్ని లండన్‌లో ట్రెపీజియం అంటే, దాన్నే అమెరికాలో ట్రెపిజాయిడ్ అంటారు. మీ అన్నయ్య పిల్లలు అక్కణ్నుంచి వచ్చినప్పుడు మీ చిన్నదానికీ వాళ్లకీ హోంవర్కు దగ్గర యుద్ధమే.

దానికో పని చెప్పు. పెళ్లికార్డుల అట్టతో సమబాహు త్రిభుజాలు, అన్నీ ఒకే సైజువి, కత్తిరించి టేపుతో అతికించమను. ప్రతి మూల దగ్గరా మూడేసి కలిపితే నాలుగు ముక్కలతో చతుర్ముఖి మూసుకుంటుంది. నాలుగేసి కలిపితే ఎనిమిదింటితో అష్టముఖి. ఐదేసి అయితే ఇరవై ముక్కలు కావాలి, కాస్త ఓపిక పట్టాలి, టేపు కూడా గట్టిదే కొను. ఆరేసి కలిపితే ఏమవుతుందో నేను చెప్పను. చేసి చూసి తనే ఫోన్ చెయ్యాలి.

చెల్లాయిని అడిగానని చెప్పు.

ఇట్లు
నీ పాత బెంచీవాడు