మెట్ల పొలాలు, వదిలి వెళ్తున్న పిల్లలు

సంపాదకులకు,

ఆర్యా,

ఫిలిప్పీన్స్‌లోని ఇఫుగావో మెట్ల వరిమళ్ల గురించి మన పత్రికల్లో అప్పుడప్పుడు వచ్చే కథనాలు చాలావరకు ఒక అందమైన ఛాయాచిత్రంతో మొదలై, అక్కడి ఆదివాసీ యువత సేద్యం వదిలి పట్టణాల బాట పట్టడం వల్ల ఆ వారసత్వం అంతరించిపోతోందన్న విచారంతో ముగుస్తుంటాయి. ఆ విచారం నాకూ ఉంది. అయితే నేరమంతా ఆ పిల్లలదే అన్నట్లు ధ్వనించే ఆ ముగింపు న్యాయం కాదని నా అభిప్రాయం.

అసలు ఆ మళ్లు ఎలా నిలబడతాయో ముందు చూడాలి. పొలాలకు పైన, కుటుంబాలు తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చే ‘ముయోంగ్’ అనే అడవి ఉంటుంది. వాన నీటిని అది పట్టి ఉంచి ఊటలుగా వదిలితే, ఆ నీరు కాలువల వెంట పై మడిలోకి, అక్కడి నుంచి కింది మడిలోకి, అలా లోయ అడుగు వరకు దిగుతుంది. చాలాచోట్ల సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గట్లే ఈ నీటికి ఆధారం. ఒక్క మడిని బీడు పెడితే మట్టి ఎండి నెర్రెలు విచ్చుకుంటుంది, పెద్ద వానపాములు గట్టును లోపలి నుంచి గుల్ల చేస్తాయి, తరువాతి తుపానుకు ఆ నెర్రెల్లోకి నీరు చేరి గట్టు తెగి రాళ్లూ మట్టీ కింది రైతు మడిలో పడతాయి. పడిన రాళ్లను మళ్లీ మనిషే మోసుకుని పైకి చేర్చాలి. ఆ పని చేయవలసిన వయసు ఇరవై, ముప్పై ఏళ్లే.

మరి ఆ వయసు వాళ్లు ఎందుకు వెళ్లిపోతున్నారు? బయటివాళ్లు అంతగా పట్టించుకోని కారణం ఒకటుంది. ఇఫుగావో ఆచారం ప్రకారం మంచి వరిమళ్లు తొలిచూలు బిడ్డకు చెందుతాయి, ఆ బిడ్డ ఆడపిల్లయినా సరే. మళ్లు ముక్కలు కాకుండా ఇన్ని తరాలు నిలవడానికి ఆ కట్టుబాటు తోడ్పడింది. కానీ తరువాత పుట్టిన వారికి దక్కే భూమి తక్కువ, కొందరికి అసలు లేదు. భూమి లేనివాడు పట్నం పోతే సేద్యాన్ని అసహ్యించుకుని పోయాడని ఎలా అంటాం? ఉన్నవాళ్లకైనా అక్కడి దేశవాళీ వరి ‘తినవోన్’ ఏడాదికి ఒక్కసారే పండుతుంది. ఆ పేరుకు అర్థం కూడా అదే. ఇది చాలదన్నట్లు, 1980లలో ఆహారానికి పనికొస్తుందని దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన గోల్డెన్ యాపిల్ నత్త లేత పైరును కొరికేస్తోంది.

బటాద్, బంగాన్, మయోయావో, హుంగ్‌దువాన్, నగకడాన్ ప్రాంతాల్లోని మెట్ల పొలాలను యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 2001లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో కూడా చేర్చింది, 2012లో ఆ ప్రమాద జాబితా నుంచి తొలగించింది. విత్తేటప్పుడు, కోతలప్పుడు స్త్రీలు ముందుండి పాడే ‘హుద్‌హుద్’ గానానికి కూడా గుర్తింపు లభించింది. ఈ గుర్తింపులన్నీ అవసరమే. కానీ పాట వరిచేలో పుట్టింది. చేలో మనుషులే లేకపోతే దాన్ని బడిలో, వేదిక మీద ఎంతకాలం నిలపగలరన్నది నన్ను నిజంగా కలవరపెట్టే ప్రశ్న.

ఈ పొలాలు రెండు వేల ఏళ్ల నాటివని చాలాకాలం చెప్పుకున్నారు. ఇటీవలి పురావస్తు పరిశోధన మాత్రం వరిమళ్ల విస్తరణ సుమారు 400 ఏళ్ల కిందటిదని, స్పానిష్ పాలన ఒత్తిడికి కొండల్లోకి చేరిన ప్రజలు అప్పటిదాకా చేమదుంప పండించిన చోట వరి వేశారని సూచిస్తోంది. దీనివల్ల ఆ పొలాల ఘనత తగ్గిందని కొందరు బాధపడవచ్చు గాని, నాకైతే పెరిగిందనే అనిపిస్తుంది. కష్టకాలంలో పంటను మార్చి, కొండను మలిచి, తమ స్వేచ్ఛను కాపాడుకున్న తరం అది. ఆ పూర్వీకులకు ఉన్న మార్చుకునే హక్కు నేటి మనవలకు ఎందుకు ఉండకూడదు? గడ్డి కప్పు తీసి రేకులు వేసుకున్నారనీ, దారి వేయమని అడుగుతున్నారనీ వాళ్లను తప్పుపట్టడం సరికాదు.

ఫిలిప్పీన్స్ 1997లోనే ఆదివాసుల హక్కుల చట్టం చేసి, పూర్వీకుల భూములపై వారికి హక్కును గుర్తించింది. 2007 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటన విత్తనాలపై, సంప్రదాయ జ్ఞానంపై వారి హక్కును చాటింది. ఈ హక్కులు కడుపు నింపాలంటే గట్టు కట్టడాన్ని సేవగా గాక కూలి గిట్టే పనిగా చూడాలి. పర్యాటక ఆదాయంలో స్థిరమైన వాటా ఆ పనికి కేటాయించాలి. భూమి దక్కని తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ బీడు పడిన మళ్లను కౌలుకు ఇప్పించి, తినవోన్ బియ్యానికి శ్రమకు తగిన ధర దక్కేలా చూడాలి. ఏ మడిని ముందు బాగుచేయాలో నిర్ణయించే చోట పెద్దలతో పాటు ఆ యువతకూ పీట వేయాలి.

మీ పత్రిక మళ్లీ ఇఫుగావో గురించి రాసేటప్పుడు, ఛాయాచిత్రంలో కనిపించే గట్లను ఈ ఏడాది ఎవరు కట్టారో, వారికి ఎంత కూలి ముట్టిందో కూడా పాఠకులకు తెలియజేయవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు