మోటారు బిగించే ముందు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో పాత సామాన్ల సంతలకు వెళ్లే మనవాళ్లు కొందరు కాలితో తొక్కే వడ్రంగి యంత్రాలు కొంటున్నారు. పైన గాజు పలక పరచి హాల్లో బల్లగా వేసుకుంటే అది వాళ్లిష్టం. పని చేయిద్దామని మోటారు బిగించేవాళ్లకే ఈ ఉత్తరం.

ఈ సరుకులో పేరున్నది ఇల్లినాయ్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లో 1872లో మొదలైన బార్న్స్ సోదరుల కంపెనీ. ఆవిరి ఇంజను పెట్టుకోలేని చిన్న షాపులకు లేత్‌లు (కొయ్యను గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రాలు), రంపాలు చేసి అమ్మేది. వాళ్ల ‘వెలాసిపీడ్’ రంపానికి సైకిల్లాగే సీటు, రెండు పెడళ్లు ఉంటాయి. కూర్చుని తొక్కుతుంటే రెండు చేతులూ చెక్క తిప్పడానికి ఖాళీ.

లెక్క చూడండి. తొక్కితే తిరిగే కింది చక్రం 24 అంగుళాలు, బెల్టుతో దానికి కలిపిన పై పుల్లీ 3 అంగుళాలు అనుకుంటే నిమిషానికి 75 సార్లు తొక్కితే పైన 600 చుట్లు. నిమిషానికి 1725 చుట్ల మోటారును పై ఇరుసుకు నేరుగా తగిలిస్తే వేగం దాదాపు మూడింతలవుతుంది. కింది చక్రం బెల్టు విప్పకుండా వదిలేస్తే ఆ చక్రాన్ని చీల్చే బలం ఎనిమిదింతలకు పైనే, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. చక్రం పోత ఇనుము, వంగదు, పగులుతుంది.

తొక్కే కాలు ఆగకుండా ఇవ్వగలిగేది సుమారు 75 వాట్లు. అందుకే ఎక్కడ రాపిడి ఉన్నా కాలికి తెలుస్తుంది. ‘బరువుగా ఉంది, మోటారే దిక్కు’ అనేముందు బెల్టు తీసి చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండు మూడు చుట్లకే ఆగిపోతే లోపం చక్రం బేరింగుల్లో ఉంది. చాలాసేపు తిరిగితే పైన వెతకాలి. చాలావరకు అది ఎండి బంకగా మారిన పాత నూనే. కిరసనాయిలు పోసి రాత్రంతా నాననిచ్చి, తుడిచి, 20 నంబరు యంత్రాల నూనె (SAE 20) చుక్కలుగా వేయండి. వంటనూనె వేస్తే మళ్లీ బంకే.

ఇరుసు కింద మెత్తటి తెల్ల లోహం కనిపిస్తే అరిగిన సీసమని గీకి పారేయకండి. అదే బేరింగు, పేరు బాబిట్. ఇరుసు వదులుగా ఊగుతుంటే పైమూత కింద ఉన్న పలుచని రేకుల్లో ఒక్కటి తీసి బిగించి చూడండి. బాబిట్ కరిగించి కొత్తగా పోయాల్సి వస్తే ఇరుసునూ గూడునూ ముందే వేడిచేయాలి. లోపల నీటి చుక్క ఉన్నా ఆవిరై కరిగిన లోహం ముఖం మీదికి చిమ్ముతుంది.

తోలు బెల్టు మొదటి వారంలో సాగుతుంది. అర అంగుళం కోసి మళ్లీ క్లిప్పు వేయాలి. సాగుతుందని ముందే బిర్రుగా లాగి కడితే బేరింగు అరుగుతుంది, తొక్కుడూ బరువెక్కుతుంది.

పెడల్ పైకొసన ఉండగా ఎంత నొక్కినా చక్రం కదలదు, కదిలినా ఎదురు తిరగొచ్చు. చేత్తో ముందుకు తోసి, పెడల్ దిగడం మొదలవగానే కాలు వేయాలి. కుట్టు మిషను తొక్కినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

లేత్ మీదికి ఎక్కించే కొయ్యను బాడిసతో ఎనిమిది పలకలు చేసుకోండి. నలుపలకల ముక్కను అలాగే పెడితే ఉలి మూలలకు తగిలి చక్రం ఊపు పోతుంది. పైకీ కిందికీ ఆడే రంపానికైతే బ్లేడు పళ్లు కిందికి చూడాలి. తలకిందులుగా బిగిస్తే ప్రతి ఊపుకూ చెక్క ఎగిరిపడి బ్లేడు తెగుతుంది. దానికి మోటారు పెట్టినా అంతే.

— ఒక పాఠకుడు, నేపర్‌విల్, ఇల్లినాయ్