26 అడుగుల పడవకి చోటు దొరికింది

ఒరేయ్ బుజ్జీ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు, ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం. పిల్ల బడికెళ్తోంది, అమ్మ మోకాలు కాస్త నయం, సియాటిల్ వాన మామూలే. మిగతావన్నీ ఫోన్లో. ఈ పడవ సంగతి మాత్రం ఇప్పుడే చెప్పెయ్యాలి.

లేక్ యూనియన్లో తెడ్డు వెయ్యడం నేర్చుకుంటున్నానని చెప్పాగా. అక్కడ పరిచయమైన పెద్దాయన, ఎనభై దాటినాయన, ఇల్లు అమ్మేసి వృద్ధాశ్రమానికి మారుతున్నాడు. ఆయన గ్యారేజీ కప్పుకి ఒక్కరే నడిపే పాత రేసు పడవ వేలాడుతోంది. పొడవు 26 అడుగులు, వెడల్పు అడుగు లోపే! రేసు పడవలు చేయడంలో పేరున్న జార్జ్ పోకాక్ షాపులో చేసింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ కుర్రాళ్లు బంగారు పతకం కొట్టారే, ఆ ఎనిమిది మంది పడవ కూడా పోకాక్ చేతి పనే.

ఒరేయ్, ఆ పనితనం నువ్వు చూడాలి. పైచెక్క రెడ్ సెడార్, మందం రెండున్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆవిరి పట్టి వంచుతారు. తడి తగిలితే ఆ చెక్క పొడవునా రవ్వంత సాగాలని చూస్తుంది, లోపలి చట్రం సాగనివ్వదు. దాంతో రెండు కొసలూ కొద్దిగా పైకి లేస్తాయి. ఆ బిగువుతోనే పడవ ఉరుకుతుందిట. మన కోటిపల్లి రేవులో నావలు ఎంత బరువో... సరే, ఆ గొడుగు సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదులే, కెప్టెన్ గారూ!

ఇంత అందమైనదాన్ని ఎవరూ తీసుకోరు, తెలుసా? ఫైబర్‌గ్లాస్, కార్బన్ ఫైబర్ వచ్చాక క్లబ్బులు చెక్కవాటిని వదిలేశాయి. మ్యూజియం వాళ్లు ఇలాంటివి తమ దగ్గర ఇప్పటికే ఉన్నాయన్నారు. ఒక హోటలాయన మాత్రం ఎగిరి గంతేశాడు. సగానికి కోసి గోడకి అలమారలా బిగిస్తాడట! ఒళ్లు మండిపోయింది. పెద్దాయన ఏమీ అనలేదు, లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. అది చూశాక నేనిక ఊరుకోలేకపోయాను. దీన్ని తీసుకుంటారా అని నేను అడగనివాళ్లు లేరు.

చివరికి బెల్లింగ్‌హామ్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. పాత చెక్క పడవలు బాగుచేస్తుందట. ధర అడగలేదు. "హీటరు పక్కన గానీ పెట్టారా?" అని అడిగింది. పొడివేడికి చెక్క చీలిపోతుంది మరి. ఆ ఒక్క ప్రశ్నతో నా మనసు కుదుటపడింది. వచ్చి చూసి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా వేలి కణుపుతో తట్టుకుంటూ పోయింది. వెనకవైపు ఒక చీలిక పట్టుకుంది. "నీళ్లలో దింపుతావా?" అన్నాడు పెద్దాయన. "చీలిక అతికి, వార్నిష్ మొత్తం గీకి మళ్లీ పూశాక, వేసవికి మీరే వచ్చి చూడండి" అంది. పైసా వద్దన్నాడు. పాత మరలూ, తెడ్డుకి చుట్టే తోలు ముక్కలూ ఉన్న డబ్బా కూడా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. నాకు గొంతు పట్టేసిందిరా.

ఇవాళ తీసుకెళ్తున్నారు. ఇదంతా పెద్దాయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నా. వేసవికి నువ్వు గనక ఇటు వస్తే, బెల్లింగ్‌హామ్ ఇక్కణ్నుంచి ఎంతో దూరం... అదిగో, ట్రక్కు వచ్చేసింది. వెనక్కి పొడుచుకొచ్చే కొసకి కట్టడానికి ఎర్రగుడ్డ కావాలిట, వెతకాలి. ఉంటా.

నీ
రాంబాబు