తెలియకుండా మాన్పించే మందు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో ఒకే పేజీలో రెండు చూశాను. పైన తాగుడుతో కుటుంబాలు ఎట్లా కూలిపోతున్నాయో పెద్ద వ్యాసం, కింద మూలన చిన్న ప్రకటన: 'తాగేవారికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి, 15 రోజుల్లో మానేస్తారు, కొరియర్‌లో పంపుతాం'. వ్యాసం బాగుంది. ఈ ఉత్తరం ప్రకటన గురించి. అలాంటి పొట్లం మేమూ ఒకసారి తెప్పించాం.

మా అన్న బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. సన్న రాగి తీగ లెక్క తప్పకుండా చుట్టాల్సిన పని. పొద్దున్నే క్వార్టర్ పడితే తప్ప ఆ తీగ చేతికి నిలిచేది కాదు, టీ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే పడేది. వదిన ఆ పొడిని పప్పులో కలిపి పెట్టింది. రెండో రాత్రి తాగొచ్చి తిన్నాక ముఖం కందగడ్డలా ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులతో చచ్చిపోతున్నానని అరిచాడు. ఏం పెట్టిందో చెబితే కొడతాడని వదిన నోరు విప్పలేదు. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది, అది వేసుకుని తాగితే సరిగ్గా ఇవే లక్షణాలు వస్తాయి, బీపీ పడిపోయి ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే డాక్టర్లు దాన్ని రోగికి చెప్పి, ఒప్పించి, చుక్క కూడా ముట్టొద్దని హెచ్చరించాకే ఇస్తారు. ఆపేశాక కూడా రెండు వారాల దాకా జాగ్రత్తగా ఉండాలి. అలాంటిది తెలియకుండా పెట్టమని పేపర్లో ప్రకటన వేస్తే ఎట్లా సార్?

ఈ 'తెలియకుండా' వెనక ఒక నమ్మకం ఉంది, అది మా ఇంట్లోనూ ఉండేది. వాడికి మనసు లేదు, మనసుంటే ఒక్క రోజులో మానేస్తాడు, లేనివాడికి భయమో మోసమో పెట్టి మాన్పించాలి అని. రుజువుగా అయ్యప్ప మాల చూపిస్తారు. నిజమే, అన్న రెండేళ్లు మాల వేసి 41 రోజులు ముట్టలేదు, కొండ దిగి వచ్చిన మూడో రోజే దుకాణం ముందున్నాడు. మూడో ఏడు మాల వేసిన రెండో రాత్రి పీఠం దగ్గర పడుకున్నవాడు ఫిట్స్ వచ్చి కొట్టుకున్నాడు. మాలలో దొంగచాటుగా తాగి ఉంటాడు, స్వామికి కోపం వచ్చిందని ఊరంతా అనుకున్నారు, మేమూ అనుకున్నాం. అసలు సంగతి ఉల్టా, తాగడం ఆపినందుకే వచ్చాయి. ఏళ్ల తరబడి రోజూ తాగే ఒంటికి ఉన్నట్టుండి ఆపితే ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేనివి కనిపించడం, మనుషులను గుర్తుపట్టకపోవడం కూడా మొదలవ్వచ్చు, వైద్యం అందకపోతే మనిషి పోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి వైన్ షాపులు, కల్లు దుకాణాలు మూసిన వారంలోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం ఎందుకు వరస కట్టారో గుర్తు చేసుకోండి. కల్లులో కలిపే ఆల్ప్రాజోలం అనే మత్తుమందు కూడా అంతే, ఒక్కసారిగా ఆగితే ఒళ్లు తట్టుకోదు.

తర్వాత అన్నను తాగుడు మాన్పించే ఒక సెంటర్‌లో వేశాం. పేరు రాయను. మూడు నెలలు, అప్పు చేసి కట్టిన డబ్బు, ఫోన్ లేదు, చూడనివ్వరు. ఎదురు మాట్లాడినవాళ్లను కట్టేసేవారని తర్వాత చెప్పాడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కిందికి తాగుడు వల్ల వచ్చే జబ్బులు కూడా వస్తాయి, గొలుసులతో కట్టడం నిషేధం, ఇంటివాళ్లతో మాట్లాడుకునే హక్కు రోగికి ఉంది. ఇవేవీ మాకప్పుడు తెలియవు. బయటికొచ్చిన 11వ రోజు తాగాడు. డబ్బులు నీళ్లలో పోశామన్నారు అందరూ. మా నాన్నకు 18 ఏళ్లుగా బీపీ మాత్రలు, ఆవకాయ తిని బీపీ పెరిగిన ప్రతిసారీ డాక్టర్ మాత్ర మార్చాడే గానీ నీకు మనసు లేదు పొమ్మనలేదు. అన్న దగ్గరికొచ్చేసరికి మాకు ఆ ఓపిక లేకపోయింది.

ఇప్పుడు సర్కారు ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్తున్నాడు. డాక్టరమ్మ మొదట అడిగింది ఒకటే: ఆఖరుసారి తాగి ఎన్ని గంటలైంది? ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. వారం పాటు వణుకుకు మాత్రలు తగ్గిస్తూ ఇచ్చారు, విటమిన్ బీ1 ఇంజెక్షన్లు చేశారు, తర్వాత తాగాలనే యావ తగ్గించే మాత్ర, నెలనెలా మాట్లాడటం. 14 నెలల్లో రెండుసార్లు తప్పాడు, ఒకటి మేనత్త కొడుకు పెళ్లిలో, ఇంకొకటి పెద్దనాన్న దినాల్లో (మన దినాల్లో మందు పోయకపోతే చుట్టాలు ఊరుకోరు కదా). రెండోసారి మర్నాడు పొద్దున్నే తనే నాకు ఫోన్ చేసి చెప్పాడు. ఇదివరకైతే నెలల తరబడి దాచేవాడు, నాకైతే అదే పెద్ద మార్పు.

తాగుబోతులను వెనకేసుకొస్తున్నానని కొందరికి కోపం రావచ్చు. వదిన పుస్తెలతాడు తాకట్టులో పోయింది, ఆమె ముందు నిలబడి అన్నకున్నది జబ్బే అని చెప్పడం నాకూ తేలిక కాదు. దూబగుంట ఆడవాళ్లు సారా మీద ఎందుకు తిరగబడ్డారో వదినను చూస్తే అర్థమవుతుంది. అయితే దుకాణం మూయించడం వేరు, రేపట్నుంచి వణికే మనిషికి ఆసుపత్రిలో మంచం చూపించడం వేరు. ఎయిమ్స్ వాళ్లతో కేంద్రం చేయించిన సర్వే 2019లో వచ్చింది, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోందట. మిగతా 37 మంది ఇళ్లలో ఒట్లు, తాయెత్తులు, మీ ప్రకటనలో పొట్లాలు.

నేను అడిగేది చిన్నది. ఆ ప్రకటన ఆపండి. ఆ జాగాలో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మన జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో వేయండి. గురువారం అన్నతో నేనూ వెళ్తున్నాను, మాత్రలు అయిపోవచ్చాయి.

పేరు వేయవద్దని మనవి.

ఒక చెల్లెలు, కామారెడ్డి జిల్లా