చత్వారానికి అద్దాలు సరే, చెవికి తొమ్మిదేళ్లు ఆగాలా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీ నేను వదలకుండా చదువుతాను. షుగర్, బీపీ, గుండె, మోకాళ్లు, కళ్లు, అన్నీ వస్తూనే ఉంటాయి. చెవి సంగతి మాత్రం ఏడాదికోసారి, మార్చి 3న ప్రపంచ వినికిడి దినోత్సవం నాడు, ఓ మూల నాలుగు లైన్లలో కనిపిస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

నలభై దాటి అక్షరాలు మసకబారితే చత్వారం అంటాం, వెళ్లి అద్దాలు తెచ్చుకుంటాం, అందులో సిగ్గేమీ లేదు. చెవికి అలాంటిదే వస్తే మన దగ్గరున్న మాట చెముడు. అది తిట్టులా వినిపిస్తుంది. ఆ ఒక్క మాటకి జడిసి మా నాన్న తొమ్మిదేళ్లు పరీక్షకి రాలేదు. ఆయన్నొక్కరినే అనడం న్యాయం కాదులెండి, మేమూ "వయసైపోయిందిగా, మామూలే" అని ఊరుకున్నాం.

అసలు చిక్కేమిటంటే ఇది చెప్పి రాదు. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు పోయేవి సన్నని శబ్దాలు. మాటలో అచ్చులు లావుగా ఉంటాయి, అవి బాగానే అందుతాయి. క, చ, త, ప, స లాంటి హల్లులు సన్నగా, రెప్పపాటులో అయిపోతాయి, జారిపోయేవి అవే. పాలు, కాలు, చాలు మూడూ ఒక్కలాగే వినిపిస్తాయన్నమాట. దాంతో ఆ మనిషికి అనుమానం తన చెవి మీద రాదు, ఎదుటివాళ్ల నోటి మీద వస్తుంది. "ఈమధ్య ఒక్కరూ సరిగ్గా మాట్లాడరు, అందరూ గొణుగుడే" అని నాన్న ఎన్నిసార్లు అన్నారో! మేం అరిచేవాళ్లం. అరిస్తే అచ్చులు పెరుగుతాయి తప్ప హల్లులు అంతగా పెరగవని మాకేం తెలుసు? పైగా ఆయనకి కోపం, "అరుస్తావేం, నేనేమన్నా చెవిటివాడినా?" అని.

ఇప్పుడు తలుచుకుంటే అన్నీ గుర్తులే. ఫోన్ ఎడమ చెవి నుంచి కుడి చెవికి మారింది. నలుగురం నవ్వుతుంటే మా మొహాలు చూసి, ఒక్క క్షణం ఆలస్యంగా తనూ నవ్వేవారు. మనవరాలు "ఏం చేస్తున్నావు తాతయ్యా?" అంటే "ఊఁ, ఊఁ" అని తలూపేవారు. పిల్లల గొంతు మరీ సన్నం కదా, అది ముందే పోయింది, మేం ఆయనకి విసుగనుకున్నాం.

చివరికి పరీక్షకి తీసుకెళ్తే అది అరగంట పని. నొప్పి లేదు, సూది లేదు. బయటి చప్పుడు రాని చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, కూత వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను అద్దం ఇవతల నిలబడ్డాను. పరీక్ష చేసే అమ్మాయి నాబ్ తిప్పుతూనే ఉంది, శబ్దం పెంచుతూనే ఉంది, నాన్న మాత్రం శ్రద్ధగా, బుద్ధిగా ఎదురుచూస్తున్నారు, బొటనవేలు బటన్ మీదే ఉంది కానీ కదలడం లేదు. అది చూశాక అంతకుముందు ఆయన మీద అరిచినవన్నీ గుర్తొచ్చాయి.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు. చచ్చినవి మళ్లీ పుట్టవు. అలాగని వినికిడి తగ్గిన ప్రతివాళ్లకీ చెవి మిషనే గతి అని కాదు, గుబిలి గట్టిపడినా, కర్ణభేరి వెనక నీరు చేరినా తగ్గుతుంది, వాటికి వైద్యం ఉంది. అంటే మిషన్ పెడతారేమోనని భయపడి ఇంట్లో కూర్చున్నవాళ్లలో, గుబిలి తీయించుకుంటే సరిపోయేవాళ్లూ ఉంటారు!

ఇక మతిమరుపు సంగతి. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024 నివేదికలో, డిమెన్షియాకి, అంటే ఈ మతిమరుపు జబ్బుకి, మన చేతుల్లో ఉన్న 14 కారణాల్లో వినికిడి లోపం ఒకటి. మిషన్ పెడితే మతిమరుపు రాదని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. అమెరికాలో వినికిడి తగ్గిన దాదాపు వెయ్యి మంది పెద్దవాళ్లలో కొందరికి మిషన్లు ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా మూడేళ్లు గమనించిన పరిశోధన 2023లో వచ్చింది. మొత్తం మీద ఇద్దరికీ తేడా లేదు, మతిమరుపు ముప్పు ఎక్కువున్న వర్గంలో మాత్రం మిషన్ పెట్టుకున్నవాళ్లకి జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గే వేగం 48 శాతం తక్కువగా ఉంది.

పసిపిల్లల విషయంలోనైతే నెలలు కూడా విలువైనవే. నెలలోపు స్క్రీనింగ్, 3 నెలలకల్లా నిర్ధారణ, 6 నెలలకల్లా మిషనో మరో సాయమో మొదలవ్వాలన్నది డాక్టర్ల లెక్క. మనం "వాళ్ల నాన్నకీ మాటలు లేటే" అంటూ మూడేళ్లు గడిపేస్తాం. అన్నట్టు, ఒక చెవి రాత్రికి రాత్రే మూగబోతే దాన్ని జలుబు అనుకుని వారం చూడకండి, అది ఎమర్జెన్సీ, మందులు పనిచేసే గడువు చాలా తక్కువ.

నాన్నకి మిషన్లు వచ్చాయి. మొదటిరోజు పేపర్ మడత పెట్టిన చప్పుడుకే ఉలిక్కిపడి తీసేశారు. ఇన్నేళ్లు వినని శబ్దాలు, మెదడు మళ్లీ అలవాటు పడాలట, రోజుకి కాసేపు చొప్పున పెంచుకుంటూ వెళ్లేసరికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు మనవరాలికి జవాబు చెబుతున్నారు, ఆ పిల్ల ప్రశ్నలకి అంతే లేదు. కానీ నలుగురు ఒకేసారి మాట్లాడితే ఇప్పటికీ అందదు. లేచి పక్కగదిలోకి వెళ్లిపోతారు. ముందే వచ్చుంటే ఇంకా తేలికయ్యేదని పరీక్ష చేసిన అమ్మాయి మెల్లగానే చెప్పింది.

నాకు 46. పోయిన వారం నేనూ వెళ్లి అదే గదిలో బటన్ పట్టుకుని కూర్చున్నాను. కూతలన్నీ వినిపించాయనే అనుకున్నాను. బయటికొచ్చి కాగితం చూస్తే కుడివైపు చివర, బాగా సన్నని శబ్దాలుండే 8 వేల హెర్ట్జ్ దగ్గర, నా వినికిడి గీత కాస్త కిందికి దిగి ఉంది.

ఇట్లు,
మీ పాఠకుల్లో ఒకరు