ఊదర బిళ్ళల గురించి మీరు వేసిన చిట్కా సరిదిద్దండి

సంపాదకుల వారికి నమస్కారం.

నిల్వ ధాన్యానికి పురుగు పట్టకుండా చిట్కాలు అంటూ మొన్న మీ పత్రికలో ఒక చిన్న అంశం వేశారు. బస్తాల మధ్య ఊదర బిళ్ళలు పెట్టి గది తలుపు వేసేయండి, రెండు రోజుల తర్వాత తీయండి, పురుగు మరీ ఎక్కువగా ఉంటే బిళ్ళలు ఇంకో నాలుగు పెంచండి అని అందులో ఉంది. అది చదివినప్పటి నుంచీ నాకు టెన్షన్‌గానే ఉంది. నేను చాలా ఏళ్లు గోదాముల్లో ఫ్యూమిగేషన్, అంటే విషపు గ్యాస్‌తో పురుగును చంపే ఊదర, చేయించే పనిలోనే ఉన్నాను కాబట్టి నేరుగా చెబుతున్నాను, ఆ మూడు సలహాలూ తప్పే, అందులో మొదటిది మనుషుల ప్రాణం తీసే తప్పు.

ముందు ఆ గది సంగతి. ఆ బిళ్ళ అంటే అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగిలితే దాంట్లోంచి ఫాస్ఫీన్ అనే గ్యాస్ వస్తుంది, పురుగును చంపేది బిళ్ళ కాదు, ఆ గ్యాస్. 3 గ్రాముల బిళ్ళ ఒకటి 1 గ్రాము గ్యాస్ ఇస్తుంది. గింజ లోపలి దాకా దూరగలగడమే దాని గొప్పతనం, అదే గుణంతో తలుపు కింద సందులోంచి, గోడ పగుళ్లలోంచి, కరెంటు వైర్ల పైపుల్లోంచి పక్క గదిలోకీ పోతుంది. అక్కడ పిల్లలు నిద్రపోతూ ఉండొచ్చు. దీనికి విరుగుడు మందు లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టర్లు గుండెకీ ఊపిరికీ ఆసరా ఇచ్చి ఎదురుచూడాల్సిందే. లీకైతే వాసన వస్తుందిలే అని చాలామంది ధైర్యం చెప్పుకుంటారు. వెల్లుల్లి లాంటిదో, కుళ్లిన చేప లాంటిదో ఒక వాసన వస్తుంది నిజమే, కానీ అది ఫాస్ఫీన్ వాసన కాదు, దాంతో పాటు వచ్చే మలినాల వాసన. ఆ మలినాలను ధాన్యం పీల్చేసుకుంటే ఏ వాసనా లేకుండానే విషం మిగిలి ఉండొచ్చు. అందుకే గోదాములో గ్యాస్ మీటర్ పెట్టి చూడకుండా ఎవరినీ లోపలికి రానివ్వం. పనివాళ్లు మాస్కు లేకుండా తిరగాలంటే 0.3 పీపీఎం దాటకూడదని చాలా లేబుళ్ల మీద రాసి ఉంటుంది, అంటే పది లక్షల వంతుల గాలిలో ఒక వంతు కూడా కాదు. ఇళ్లలో ఎవరి దగ్గర మీటర్ ఉంటుంది చెప్పండి? మనుషులు ఉండే ఇంట్లో, దాన్ని ఆనుకుని ఉన్న గదిలో ఈ బిళ్ళ వాడకూడదు, అంతే.

ఇక రెండు రోజుల మాట. బిళ్ళ పెట్టగానే గ్యాస్ అంతా ఒక్కసారి బయటికి రాదు. గాలిలో తేమ, వేడి ఎలా ఉన్నాయన్న దాన్ని బట్టి పూర్తిగా విడుదల కావడానికే రెండు మూడు రోజులు పడుతుంది, చల్లగా పొడిగా ఉంటే ఇంకా ఎక్కువ. అంటే గ్యాస్ సరిగ్గా నిండే వేళకు మీరు తలుపు తీయమంటున్నారు. పైగా మనకు కనిపించే పురుగు మొత్తం పురుగులో కొంత భాగమే. ముక్క పురుగు సంగతే చూడండి, తల్లి గింజకు చిన్న కన్నం తొలిచి, అందులో గుడ్డు పెట్టి, పైన జిగురు లాంటి పదార్థంతో మూసేస్తుంది. గుడ్డు పొదిగి, పిల్ల పురుగు లోపల గింజను తిని, అక్కడే ప్యూపాగా, అంటే పెద్ద పురుగు అయ్యే ముందు కదలకుండా ఉండే దశలోకి, మారి, నెల రోజులు అటూ ఇటూగా కన్నం చేసుకుని బయటికి వస్తుంది. ఫాస్ఫీన్‌కి తేలిగ్గా చచ్చేది పెద్ద పురుగు, పిల్ల పురుగు. గుడ్డు, ప్యూపా మాత్రం చాలా మొండివి, గ్యాస్ వాటి మీద రోజుల తరబడి నిలబడాలి. అందుకే గోదాము వేడిగా ఉన్నా బస్తాల మీద టార్పాలిన్ కప్పి ఏడు రోజులు ఉంచుతాం, 15 డిగ్రీల కంటే చల్లబడితే ఇంకా పొడిగిస్తాం. రెండో రోజు ఆ టార్పాలిన్ తీస్తే నేల మీద చచ్చిన పురుగులు కుప్పలుగా కనిపిస్తాయి, చూసినవాళ్లకు తృప్తిగా ఉంటుంది, నెల తిరిగేసరికి అదే బస్తాలో మళ్లీ పురుగు నడుస్తుంది.

ఇది నా కళ్లతో చూశాను. ఒక గోదాములో లారీలు బయట ఆగి ఉన్నాయని మూడో రోజే టార్పాలిన్ లాగేయించారు. అప్పటికి అంతా బాగానే ఉంది. తర్వాత పురుగు మళ్లీ పడితే పని చేసినవాళ్లు చేసిందేమిటంటే, బిళ్ళలు రెట్టింపు చేసి మళ్లీ మూడు రోజులకే తీశారు. మళ్లీ పడింది. చివరికి నేను మంకుపట్టు పట్టి ఆ టార్పాలిన్‌ని వెలుతురుకు అడ్డంగా పట్టించి చూస్తే, ఎలుకలు కొరికిన కన్నాలు జల్లెడలా కనిపించాయి. అంచుల దగ్గర బరువుగా పెట్టిన ఇసుక సంచుల మధ్య చెయ్యి దూరేంత ఖాళీలు ఉన్నాయి. కన్నాలన్నీ అతికించి, ఇసుక సంచులను ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా చుట్టూ పేర్చి, నేల పగుళ్లు పూడ్చి, మామూలు మోతాదుతోనే ఏడు రోజులు ఉంచాం. అప్పుడు పోయింది. ఆ పని చేసిన కూలీలకు ఇప్పటికీ నేను రుణపడి ఉన్నాననుకుంటాను, ఎందుకంటే ఎండలో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో కన్నం వెతికింది వాళ్లే.

బిళ్ళలు పెంచితే సరిపోతుందన్న ఆలోచన ఎందుకు పనికిరాదో కూడా చెప్పాలి. ఫాస్ఫీన్ విషయంలో గాఢత కంటే సమయం ముఖ్యం. గాఢత ఒక్కసారిగా మరీ ఎక్కువైతే కొన్ని పురుగులు మత్తు లాంటి స్థితిలోకి వెళ్లిపోయి గ్యాస్‌ను తట్టుకుంటాయి. ఇంకో ప్రమాదం మంట. గాలిలో ఫాస్ఫీన్ దాదాపు 1.8 శాతం దాటితే దానంతట అదే అంటుకుంటుంది. బిళ్ళలు ఒకచోట కుప్పగా పోసినా, వాటి మీద నీళ్లు పడినా జరిగేది అదే. పైగా ఈ గ్యాస్ రాగిని తినేస్తుంది, స్విచ్ బోర్డులు, ఎలక్ట్రానిక్ కాటాలు పాడైపోతాయి.

నా అసలు బాధ ఇంకోటి ఉంది. ఇదివరకు మిథైల్ బ్రోమైడ్ అనే గ్యాస్ ఉండేది, ఒక్క రోజులో పని అయిపోయేది. తొందరగా తీసేసే అలవాటు చాలామందికి ఆ రోజుల నుంచే వచ్చిందని నా అభిప్రాయం. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1992లో మాంట్రియల్ ఒప్పందం కిందికి తెచ్చారు. సంపన్న దేశాలకు 2005, వర్ధమాన దేశాలకు 2015 గడువు పెట్టి, ఎగుమతి దిగుమతుల క్వారంటైన్ లాంటి అవసరాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. సల్ఫ్యూరిల్ ఫ్లోరైడ్ అని ఇంకొకటి ఉంది కానీ గుడ్ల మీద బలహీనం, పైగా అది భూమిని వేడెక్కించే గ్యాస్. కాబట్టి ప్రపంచంలో నిల్వ ధాన్యానికి ఎక్కువ భారం ఫాస్ఫీన్ మీదే పడింది. నుసి పురుగు, ఎర్ర పిండి పురుగు లాంటివి దానికి కూడా తట్టుకోవడం నేర్చుకున్నాయి, 1970లలో జరిగిన ప్రపంచ సర్వేలోనే ఆ జాడలు దొరికాయి. గ్యాస్ కారిపోతున్న టార్పాలిన్ కింద సగం గ్యాస్‌తో సగం రోజులు ఊదర పెట్టిన ప్రతిసారీ బతికి బయటపడేది ఆ మొండి పురుగులే, వాటి పిల్లలే తర్వాత గోదాము నింపుతాయి. ఉన్న ఒక్క ఆయుధాన్నీ మన చేతులతోనే మొద్దు చేసుకుంటున్నామని చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇంకో చిన్న మాట, ఊదర పెట్టాక ధాన్యంలో మందు కాపలా ఉండదు. గ్యాస్ పోయిన మర్నాడు పక్కనున్న బస్తాల నెట్టు నుంచి పురుగు వస్తే మళ్లీ మొదటికొస్తుంది. తడి ధాన్యానికి పట్టిన బూజు కూడా దీంతో పోదు.

ఇంటి మట్టుకు నిల్వ చేసుకునేవాళ్లకు దారి లేకపోలేదు. బాగా ఆరబెట్టి, తేమ 12 శాతం దగ్గరికి దించి, గాలి చొరబడని సంచిలోనో డబ్బాలోనో నిండుగా పోసి గట్టిగా మూయండి. లోపల ఉన్న పురుగులు, వాటి ఊపిరితోనే ఆక్సిజన్ తగ్గిపోయి, కొన్ని వారాల్లో చచ్చిపోతాయి. మధ్యలో మూత తీసి చూడకూడదు.

దయచేసి ఆ చిట్కా తప్పని, వేసినచోటే, అదే సైజు అక్షరాల్లో వేయండి. వచ్చే వారం దాకా ఆగకండి, ఎవరో ఇప్పటికే దాన్ని కత్తిరించి గోడకు అంటించుకుని ఉంటారు.

ఇట్లు,
గోదాముల్లో పనిచేసి రిటైరైన మీ పాఠకుడు