మేడ మీద అక్కకి, మందుల షాపు తమ్ముడికి, మా డాక్టరమ్మకి

ఎదురుపడి థాంక్స్ చెబితే "ఇందులో ఏముందమ్మా" అని ముగ్గురూ తీసిపారేస్తారు. అందుకే మద్రాసులో పెరంబూరు, వ్యాసర్‌పాడి వైపు మనవాళ్లందరూ చూసేలా ఇక్కడ రాస్తున్నాను.

నాకు బీపీ ఉంది. దానికంటే పాతది కాళ్ల బాధ. పగలంతా ఏమీ ఉండదు. దీపాలు పెట్టే వేళ దాటాక కాసేపు కూర్చున్నా, నడుం వాల్చినా పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు ఉంటుంది, కాళ్లు కదపకుండా ఉండలేను. లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది, పడుకోగానే మళ్లీ మొదలు. దీన్నే రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు. స్వీడన్‌లో ఎక్‌బోమ్ అనే డాక్టరు 1945లోనే దీన్ని జబ్బుగా వివరించి రాశాడట. మా అత్తగారు మాత్రం చివరిదాకా "కాళ్లు ఊపకే, దరిద్రం" అనే అన్నారు.

మా ఇంట్లో బీపీ చూసేది రాత్రి భోజనాలయ్యాక. మావారికి అప్పుడే తీరిక. నా కాళ్లకి అదే గడ్డుకాలం. మిషన్ గాలి నింపుకుంటుంటే నేను ఇటు కాలు అటు, అటు కాలు ఇటు వేస్తుంటాను. పై అంకె 160 దాటేది. ఆ అంకెలు చూసి ఒక క్లినిక్‌లో బిళ్ల డోసు పెంచారు. ఆ తర్వాత పొద్దున మంచం దిగితే కళ్లు తిరగడం, గోడ పట్టుకుని నిలబడటం.

మేడ మీద అక్క గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఒక రాత్రి కరివేపాకు కోసం దిగి వచ్చి, నా అవస్థ చూసి, "ఈ కాళ్లు పెట్టుకుని ఇప్పుడు చూస్తే ఎక్కువ చూపించక ఏం చేస్తుందే?" అన్నారు. అంతటితో వదల్లేదు. తన మిషన్ తీసుకుని రోజూ పొద్దున్నే వచ్చేవారు, నేను కాఫీ తాగకముందు, బిళ్ల వేసుకోకముందు. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలకి ఆనించి, అయిదు నిమిషాలు నోరు మెదపకుండా కూర్చోబెట్టి, రెండుసార్లు చూసి నోటుబుక్కులో రాసేవారు. 130కి అటూ ఇటూ వచ్చేది. ఆ నోటుబుక్కు తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి నాతోపాటు వచ్చిందీ ఆవిడే.

డాక్టరమ్మ పెంచిన డోసు తగ్గించారు. అయితే కాళ్ల సంగతి వదిలేస్తే లాభం లేదన్నారు. నిద్ర చెడితే బీపీ పెరుగుతుంది, నిద్రలో కాళ్లు ఎగిరిపడ్డప్పుడల్లా కాసేపు ఇంకా పెరుగుతుందట. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగానే ఉంది, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ మాత్రం తక్కువ. ఈ జబ్బు ఉన్నవాళ్లకి 75 గానీ అంతకు లోపు గానీ ఉంటే ఐరన్ ఇస్తారట. రోజు విడిచి రోజు ఐరన్ బిళ్ల, నిమ్మరసంతో. దాని దగ్గర్లో కాఫీ పనికిరాదు, సాయంత్రం కాఫీ అసలే వద్దు. మద్రాసులో ఉంటూ సాయంత్రం డికాక్షన్ వాసన చూసి ఊరుకోవడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

రాత్రికి ప్రీగాబలిన్ అనే నరాల మందు చిన్న డోసు కూడా మొదలుపెట్టారు. ఈ కాళ్ల బాధకే వాడే ప్రమిపెక్సోల్ లాంటివి ముందు ఎందుకు ఇవ్వలేదని అడిగితే, అవి కొన్నాళ్లకి ఈ బాధనే ముదరబెట్టవచ్చు, పైగా లేచి నిలబడగానే బీపీ పడిపోవచ్చు అన్నారు. కొద్దిరోజులకే చీలమండలు పొంగాయి. నాకు గుండె గురించి టెన్షన్. ఆవిడ గుండె, కిడ్నీ పరీక్షలన్నీ చూశాకే చెప్పారు: నా బీపీ బిళ్ల ఆమ్లోడిపిన్‌తో వాపు రావచ్చు, ప్రీగాబలిన్‌తోనూ రావచ్చు, రెండూ కలిశాయని. ఆమ్లోడిపిన్ బదులు టెల్మిసార్టన్ రాసి, కొన్ని వారాలకి రక్తంలో పొటాషియం, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ చూపించుకోమన్నారు. వాపు దిగింది.

ఇక మందుల షాపు తమ్ముడు. జలుబుకి ఎప్పుడూ తెచ్చే బిళ్ల కోసం మావారు వెళ్తే, "ఎవరికి సార్? అమ్మకా? అయితే వద్దు" అని వెనక్కి పెట్టేశాడు. అందులో క్లోర్‌ఫెనిరమిన్ ఉంది, కాళ్ల బాధ ఎక్కువ చేస్తుంది. ఫినైలెఫ్రిన్ కూడా ఉంది, అది బీపీ పెంచగలదు. నాకున్న రెండు జబ్బులకీ చెరుపు చేసేవి ఒకే బిళ్లలో! వట్టి పారాసిటమాల్ ఇచ్చి, ఆవిరి పట్టమన్నాడు. అతనికి పోయిన బేరం అయిదారు రూపాయలే కావచ్చు, అయినా అడగకుండా చెప్పేవాళ్లు ఎంతమంది?

ఇప్పుడు రాత్రుళ్లు చాలావరకు నిద్రపోతున్నాను. కాళ్లు పూర్తిగా ఊరుకున్నాయని అనను, అప్పుడప్పుడు హాల్లో తిరుగుతూనే ఉంటాను. ఇలాంటి కాళ్లు, బీపీ రెండూ ఉన్నవాళ్లు అడిగితే అక్క నోటుబుక్కులో పేజీ ఎలా గీశారో ఫొటో పంపిస్తాను. బిళ్లలు మాత్రం నన్ను చూసి మార్చుకోకండి, ఉన్నట్టుండి ఆపేయకండి. మీ డాక్టరుకి మీరు వేసుకునేవన్నీ, జలుబు బిళ్లతో సహా, చూపించి అడగండి.